చప్పిడి కూడు తిన్న ఎండాకాలం

కాంక్రీటు పోస్తున్నంతసేపూ షట్టరింగ్ చేసినవాడు, అంటే ఆ బరువును మోసే చెక్కలు కట్టినవాడు, స్లాబు కిందే ఉండాలి. ఎక్కడ కింద ఆనించిన ఇనుప జాకీ జారినా, ఎక్కడ చెక్క ఉబ్బినా అప్పటికప్పుడు బిగించాలి. ఆ రోజు ఒమాన్ దేశంలో, అల్ అమెరాత్‌లోని మా సైట్‌లో కాంక్రీటు పంపు నడుస్తుండగానే నేను సుత్తి అక్కడ పడేసి మరుగుదొడ్డికి పరుగెత్తాను. అలా పరుగెత్తడం అది మొదటిసారి కాదు. తిరిగి వచ్చేసరికి నా చోట మా ఫోర్‌మన్ జితేందర్ నిలబడి తానే జాకీ బిగిస్తున్నాడు. చొక్కా నిండా సిమెంటు నీళ్ళు కారి ఉన్నాయి.

అతను తిట్టలేదు. తిట్టినా కొంత నయంగా ఉండేది. కరీంనగర్ మనిషి, నా పనితనం ఎరిగినవాడు. పంపు ఆగాక నన్ను నీడకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఇస్తారీ, నీ పాణం బాగలేదని నాకెరికే. గని కింద నువ్వు లేకుంటే పైనున్నోళ్ళ గతేంది? డాక్టర్ దగ్గర అసలు సంగతి తేల్చుకొని రా. లేకుంటే నిన్ను ఇంటికి తోలుమని నేనే ఆఫీసుల చెప్పాల్సొస్తది."

నేను తల ఊపాను. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

అప్పటికి నెలల తరబడి అదే బాధ. ఏదన్నా తిన్న కాసేపటికి కడుపు ఉబ్బేది, లోపల గుడగుడమనేది, ఎవరో పేగులు పట్టి పిండినట్టు నొప్పి వచ్చేది. ఆపైన పరుగే. తింటేనే కదా ఈ గోల అని తినడం తగ్గించాను. ప్యాంటు నడుము మీద నిలవడం మానేసింది. పెద్దాసుపత్రిలో కెమెరా గొట్టం లోపలికి పంపి చూశారు, రక్తం తీసుకున్నారు, ఏమీ లేదన్నారు. నేను నమ్మలేదు. మా అన్న పోశెట్టికి కూడా మొదట్లో ఏమీ లేదనే అన్నారు. గ్యాసు గోళీలు మింగుతూ తిరిగాడు. కడుపులో గడ్డ అని తేలేనాటికి చేయడానికేమీ మిగల్లేదు. నాదీ అదే దారి అని నాలో నేను తీర్మానించేసుకున్నాను. ఈ సంగతి నా భార్య రజితకు ఒక్కదానికే తెలుసు. ఫోన్లో ఆ మాట ఎత్తితే చాలు, అటువైపు నుంచి ఊపిరి తప్ప ఏమీ వినిపించేది కాదు.

మా గదిలో ముగ్గురం. నేను కాక నిజాముద్దీన్ భాయ్, అంకయ్య. భాయ్‌ది కోరుట్ల. తాపీ మేస్త్రీ. మా ఇద్దరికన్నా చాలా పెద్దవాడు. అంకయ్యది ఒంగోలు పక్క పల్లె. కంపెనీ పికప్ నడుపుతాడు. ఎండలు ముదిరాయంటే ఇక్కడ మధ్యాహ్నం పూట బయట పనులు ఆపేస్తారు. బస్సు మమ్మల్ని క్యాంపు దగ్గర దింపేది. నేను నేరుగా వెళ్ళి మంచం మీద పడేవాణ్ణి. భాయ్ మాత్రం ఆ మండుటెండలో మలుపు దాకా నడిచి, కొట్లోంచి చల్లటి లబన్ సీసా తెచ్చేవాడు. లబన్ అంటే ఇక్కడి చిక్కటి మజ్జిగ. మూత తీసి నా చేతికిచ్చి, "తాగు తమ్మీ, పేగులు సల్లవడ్తయ్," అనేవాడు. అన్నం దిగకపోయినా అది దిగేది. కొన్ని రోజులు ఆ లబన్, పాల చాయ్, చాయ్‌లో ముంచిన బిస్కట్లు, అంతే నా తిండి.

జితేందర్ అన్న మాట భాయ్ చెవిన కూడా పడింది. నన్నేమీ అడగలేదు. మర్నాడు సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని బజారు వీధిలోని క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టర్ ఉమైమా ఒమానీ ఆవిడ. పాత పరీక్షల కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసింది, పొట్ట నొక్కి చూసింది, ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. నాకు సగం కూడా అర్థం కాలేదు. అప్పుడు పక్క గదిలోంచి నర్సు ఫేబాను పిలిపించారు. నరసాపురం అమ్మాయి. ఆ గదిలో తెలుగు వినపడగానే ఇక ఆగలేకపోయాను. పెద్ద రోగమైతే దాచొద్దనీ, మా అన్న కూడా ఇట్లాగే పోయాడనీ చెప్పేశాను.

ఆమె నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ అన్నయ్యగారికి వచ్చింది మీకు లేదండి. లోపల కెమెరాతో చూశారు, అంతా శుభ్రంగా ఉంది. గోధుమ వల్ల వచ్చే పేగుల జబ్బు ఒకటుంది, దానికీ రక్తం చూశారు, అదీ లేదు. మీరు రోజూ తినేవాటిల్లో ఏదో ఒకటి మీ కడుపుకి పడట్లేదని డాక్టరుగారి అనుమానం. అదేంటో మీరే ఇంట్లో కనిపెట్టాలండి."

ఎలాగో కూడా వివరంగా చెప్పింది. అనుమానం ఉన్నవన్నీ ఒక్కసారే ఆపేయాలి. పాలూ పాలతో చేసినవీ, గోధుమ, గుడ్డు, చేప, పప్పులు, పల్లీలు, ఏవీ వద్దు. అన్నం, కోడిమాంసం, సొరకాయ, క్యారెట్, అరటిపండు లాంటివి చాలు. రెండు మూడు వారాలకు కడుపు నెమ్మదిస్తే, అప్పుడు ఒక్కోదాన్ని వెనక్కి తేవాలి. మొదట కొంచెం, ఏమీ కాకపోతే మామూలుగా. ఒకటి చూశాక కొన్ని రోజులు ఆగితేనే ఇంకోటి. రెండూ ఒకేసారి మొదలెడితే ఏది చేసిందో తెలియదు. మధ్యలో జ్వరం వచ్చినా, రక్తం పడినా, ఇంకా చిక్కిపోయినా అన్నీ ఆపేసి వెంటనే రమ్మంది. మనిషికి అన్ని రకాల తిండీ కావాలి కనుక అవసరానికి మించి ఒక్కరోజు కూడా పథ్యం పొడిగించవద్దంది.

వంట ఎవరు చేస్తారని అడిగింది. వంతులే గానీ చెయ్యి తిరిగినవాడు అంకయ్య అని భాయ్ చెప్పాడు. అయితే ఆయనతోనే మాట్లాడతానంది. భాయ్ ఫోను కలిపి, స్పీకర్ పెట్టి ఆమె చేతికిచ్చాడు. అంకయ్య ఏ సిగ్నల్ దగ్గరో బండి పక్కకు ఆపి అంతా విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు.

"ఉప్పన్నా వేసుకోవచ్చా తల్లీ?"

వేసుకోవచ్చని ఫేబా నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ కాస్త నవ్వాను.

మేం క్యాంపుకు చేరేసరికి అంకయ్య పని మొదలుపెట్టేశాడు. ఖుబ్బూస్ అనే ఇక్కడి గోధుమరొట్టెల పొట్లాలు, పాలపొడి డబ్బా, కందిపప్పు, గుడ్ల అట్ట, వాళ్ళమ్మ ఒంగోలు నుంచి పంపిన ఎండుచేపల మూట, అన్నీ ఒక పెట్టెలోకి చేర్చి పక్క గదివాళ్ళకు ఇచ్చి వచ్చాడు. గోంగూర పచ్చడి సీసా కూడా అందులోనే పోయింది. గోంగూరలో ఏముందని అడిగాను. ఏముందో తెలియదు కాబట్టే పంపానన్నాడు. నాకు సిగ్గేసింది. నా ఒక్కడికీ విడిగా వండుకుంటాననీ, మీరిద్దరూ మీ మామూలు తిండి తినండనీ అన్నాను. అంకయ్య సొరకాయ చెక్కుతూ తల కూడా ఎత్తలేదు.

"నువ్వేం మాట్టాడమాక. ఉన్నది ఒక పొయ్యి. వేరే వండితే నువ్వు మా గిన్నెలోకి చూస్తా కూర్చుంటావు, మాకు ముద్ద దిగదు. తింటే ముగ్గురం తిందాం."

అలా మొదలైంది ఆ చప్పిడి కూడు. అన్నం, పసుపూ ఉప్పూ వేసి ఉడికించిన కోడిముక్కలు, సొరకాయ కూర. మర్నాడు అన్నం, క్యారెట్, కోడిముక్కలు. ఆ మర్నాడు మళ్ళీ సొరకాయ. కారం లేనిదే ముద్ద మింగని ఒంగోలు మనిషి, రోజంతా బండి నడిపి వచ్చి ఆ తెల్లటి కూర కలుపుకుని తినేవాడు. భాయ్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలి, ఈ వంట ఆసుపత్రిలో పెడితే రోగులు తొందరగా ఇంటికి పోతారని మెచ్చుకున్నాడు. పొద్దున ఖుబ్బూస్‌కు బదులు అన్నం గంజితో సరిపెట్టాం. చాయ్ నల్లగా కాచుకున్నాం. పాల చాయ్ లేక నాకు రెండు మూడు రోజులు తల పగిలిపోయింది. భాయ్ మధ్యాహ్నం పూట మలుపు దాకా నడవడం మానేశాడు. చేతులకు పని లేనట్టు మంచం చివర కూర్చునేవాడు. తర్వాత అరటిపండ్లు తేవడం మొదలుపెట్టాడు.

మొదటి వారం నాకు ఆకలి, విసుగు, అంతకుమించి అనుమానం. ఇదంతా ఉత్త పిచ్చిపని అని ఒకరోజు కంచం నెట్టేశాను. వాళ్ళిద్దరూ తమ కంచాలు కూడా పక్కన పెట్టి కూర్చున్నారు. కాసేపటికి నేనే కంచం దగ్గరికి లాక్కున్నాను. వాళ్ళూ లాక్కున్నారు.

ఎప్పుడు తేడా వచ్చిందో కచ్చితంగా చెప్పలేను. ఒక శుక్రవారం ముగ్గురం కూరగాయలకని బజారుకు వెళ్ళాం. ఇంటికి వచ్చి సంచులు దింపుతుంటే తట్టింది, దారిపొడుగునా నేను మరుగుదొడ్డి ఎక్కడుందని వెతుక్కోలేదని. అంతకుముందు ఏ వీధిలోకి వెళ్ళినా నా కళ్ళు ముందు దాని కోసమే తిరిగేవి. ఆ మాట పైకి అనలేదు. అంటే పోతుందేమోనని భయం. ఆ తర్వాత వారం మరో విల్లాకు స్లాబు పోశారు. పంపు ఆగేదాకా నేను కింద నిలబడ్డాను. కడుపు నాది కాదన్నంత నిశ్శబ్దంగా ఉంది. జితేందర్ మెట్ల మీంచి ఒకసారి వంగి చూశాడు. నేను కనపడ్డాను. మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

ఫేబాకు ఫోన్ చేసి చెబితే, ఇక ఒక్కోదాన్ని వెనక్కి తెమ్మంది. ఆ రోజులు మా గదికి పండగలే. మొదట గుడ్డు తెచ్చాం. సగం గుడ్డు తిన్నాను, ఇద్దరూ నా మొహంలోకే చూస్తూ కూర్చున్నారు. ఏమీ కాలేదు. మర్నాడు ఒక గుడ్డు, తర్వాత రెండు. అప్పుడు అంకయ్య గుడ్లన్నీ ఉడకేసి, ఉల్లిపాయలతో వేయించి, ముగ్గురికీ పంచాడు. కొన్నాళ్ళాగి పప్పు. అంకయ్య పప్పు తాలింపు పెడుతుంటే ఆ వాసనకు పక్క గదివాళ్ళు తలుపు తట్టారు. పప్పు కూడా నన్నేమీ చేయలేదు. తర్వాత చేప, పల్లీలు. ఆ తర్వాత ఖుబ్బూస్. అదే దొంగ అని నేను మొదటి నుంచీ అనుకుంటున్నాను. ఊళ్ళో నా ప్రాణమంతా అన్నం, జొన్నరొట్టె. ఈ ఖుబ్బూస్ ఇక్కడికి వచ్చాకే అలవాటైంది. భయం భయంగా ఒక ముక్క తిన్నాను. మర్నాడు ఒకటి, ఆపైన రెండు. వారం గడిచినా కడుపు కదల్లేదు.

ఇక పాలు మిగిలాయి. పాలను గురించి నాకు లెక్కే లేదు. నేను పాలు తాగేవాణ్ణి కాదనే అనుకునేవాణ్ణి. చాయ్ అంటే చాయ్. లబన్ అంటే మందు. సెలవురోజు పొద్దున భాయ్ తన చేత్తో పాలు కాచి అర గ్లాసు ఇచ్చాడు. పెద్దగా ఏమీ అనిపించలేదు. మర్నాటికి ఫేబా చెప్పినట్టే గ్లాసు నిండా తాగాను. ఇన్నాళ్ళకు నోటికి ఆ రుచి తగిలి హాయిగా అనిపించింది. ఆ రోజు సైట్‌కు ఇసుక లారీలు రాలేదు. మమ్మల్ని తొందరగా వదిలిపెట్టారు. క్యాంపులో బస్సు దిగుతుంటేనే మొదలైంది. ముందు ఉబ్బరం, తర్వాత గుడగుడ, ఆ తర్వాత ఆ పాత పిండడం. నేను గది దాకా కూడా వెళ్ళలేదు. వరండా చివరి మరుగుదొడ్డికి పరుగెత్తాను.

గదిలోకి వచ్చేసరికి అంకయ్య పొయ్యి దగ్గర ఉన్నాడు. భాయ్ చాప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. నా మొహం చూసి వాళ్ళకు అర్థమైపోయింది. దొరికిందని నాకు సంతోషంగానే ఉంది. పాలేనంట అని నవ్వబోయాను. భాయ్ చేతులు ఆగిపోయాయి.

"లబన్ గూడ పాలే గదా, తమ్మీ," అన్నాడు.

అంకయ్య పొయ్యి మంట తగ్గించాడు. నేను తొందరతొందరగా చాయ్ సంగతి ఎత్తాను. రోజుకు ఎన్ని చాయ్‌లు తాగానో, అందులో డబ్బా పాలు ఎంత చిక్కగా పోసుకున్నానో చెప్పాను. భాయ్ అవునని తల ఊపాడు. ఒలిచిన రేకులన్నీ గిన్నెలోకి వేసి, చేతులు కడుక్కుని, నమాజుకు వెళ్ళొస్తానని బయటికి వెళ్ళాడు. మామూలుగా వచ్చే వేళకు రాలేదు.

ఎక్కడికి వెళ్ళాడో నాకు తర్వాత ఫేబా చెప్పింది. క్లినిక్‌కు వెళ్ళి ఆమె ఖాళీ అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాడట. ఇస్తారి కడుపులో తన వల్ల ఏదైనా శాశ్వతంగా పాడైపోయిందా అని అడిగాడట. అలాంటిదేమీ ఉండదనీ, పాలు ఆపితే బాధ కూడా ఆగుతుందనీ, పెద్దయ్యాక పాలు అరగని మనుషులు లక్షల్లో ఉంటారనీ ఆమె చెప్పింది. ఊళ్ళో అన్నంలోకి రెండు చెంచాల పెరుగు వేసుకుంటే ఏమీ కాని మనిషికి, ఇక్కడ చాయ్‌లూ లబన్‌లూ కలిసి మోతాదు దాటిపోయింది, అంతే అంది. "మీరు తీసుకురాకపోతే ఆయన మా గుమ్మం ఎక్కేవారే కాదండి," అని కూడా అందట.

ఒక్కసారి చూసి తేల్చేయకూడదని ఆమె ముందే చెప్పి ఉంది. పాలు మానేసి కడుపు సర్దుకున్నాక ఇంకోసారి లబన్‌తో చూడాలి. భాయ్ తాను తీసుకురానన్నాడు. అంకయ్య తెచ్చాడు. నేను తాగుతుంటే భాయ్ మొహం గోడకు తిప్పుకున్నాడు. సాయంత్రానికి మళ్ళీ అదే బాధ. మొదటంత జోరుగా లేదు గానీ అదే. నేను పడుకుని ఉంటే భాయ్ నా పక్కనే కూర్చుని కాళ్ళు ఒత్తబోయాడు. నేను ఆ చేతులు పట్టుకున్నాను. అప్పటిదాకా నా నోట్లోంచి రాని మాట వచ్చింది.

"భాయ్, నాకు బతుకుత అన్న ఆశ లేకుండె. మంచం మీదికెల్లి లేవాలనిపించకపోయేది. నువ్వు గంత ఎండల సీసా పట్టుకొస్తున్నవని, నీ కోసమని లేసి కూసున్న. అండ్ల ఏమున్నదో నీకెట్ల తెలుస్తది? నువ్వు రావుడే నాకు మందు."

భాయ్ తల రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అంకయ్య ఎవరికీ వినపడనట్టు గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగాడు.

సెప్టెంబరు వచ్చింది. మధ్యాహ్నపు విరామం ఎత్తేశారు. కొండల మీద నుంచి పొద్దున పూట కాస్త చల్లగాలి తోలుతోంది. నా ప్యాంట్లు మళ్ళీ నడుము మీద నిలుస్తున్నాయి. డాక్టర్ ఉమైమా నన్ను తూకం వేసి, బరువు చూసి, అరబ్బీలో ఏదో అంటూ చెయ్యెత్తి దీవించింది. అల్‌హందులిల్లా అని దేవుడికి దండం పెట్టుకున్నదొక్కటే నాకు తెలిసింది. భాయ్ కూడా పక్కనుంచి అదే మాట అన్నాడు.

ఆ వారం శుక్రవారం వంట నేను చేస్తానన్నాను. నాకు వంట అంతంతమాత్రం. నా వంతు వచ్చినప్పుడల్లా ఇద్దరూ బాధపడుతూ తినేవాళ్ళు. ఈసారి రజితను వీడియోలో పెట్టుకుని, ఆమె చెప్పినట్టల్లా చేశాను. సర్వపిండి రొట్టెకు బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపాను. నీళ్ళు ఎక్కువ పోశావని మందలించింది. మళ్ళీ పిండి కలిపాను. కోడికూరకు కారం ఎంత వేయాలో అంకయ్యను అడగమంది. అంకయ్య నా చేతిలోంచి చెంచా లాక్కుని, అడగడం దేనికని, వేయాల్సినంత తానే వేశాడు. పచ్చిపులుసు పిసికాను. గదంతా ఘాటెక్కింది.

కంచాలు పెట్టుకున్నాక, రజిత వాళ్ళిద్దరితో మాట్లాడాలంది. అప్పటిదాకా ఆమె వాళ్ళతో ఎన్నడూ మాట్లాడలేదు. ఫోను భాయ్ చేతికిచ్చాను. ఏం చెప్పాలో ఎన్నాళ్ళ నుంచి అనుకుంటోందో ఏమో, "అన్నా," అని ఒక్క మాట అనేసరికి ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భాయ్ ఫోనును రెండు చేతులా పట్టుకున్నాడు. అంకయ్య పక్కనుంచి తల దూర్చాడు.

"చెల్లెమ్మా, ముందు మీ ఆయన వంట తిననీ. తిని బాగుంటే అప్పుడు మాట్టాడుకుందాం."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"ఫోన్ ఆడనే పెట్టుండ్రి అన్నా. మీరు ముగ్గురు తినుండ్రి. నేను ఊకె సూస్తుంట."

భాయ్ ఫోనును మంచినీళ్ళ క్యానుకు ఆనించి నిలబెట్టాడు. ముగ్గురం తినడం మొదలుపెట్టాం. సర్వపిండి ఒకపక్క మాడింది. ఇద్దరిలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. పచ్చిపులుసు చాలా బాగుందని భాయ్ రెండుసార్లు అన్నాడు. రజిత అటు చిన్న తెరలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నా చెయ్యి కంచంలోంచి నోటికి వెళ్ళడం చూస్తూ కూర్చుంది. నేను మళ్ళీ అన్నం వడ్డించుకుంటుంటే, "ఇంకింత పెట్టుకో," అంది.

పెట్టుకున్నాను.